సాక్ష్యానికి వెళ్ళిన ట్రాన్స్‌ఫార్మర్

ఏన్కూరు సెంటర్లో టైలరు షాపు మీది మేడగదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నారు. ఒకప్పుడు ఆ గది కిటికీకి 'మండల వినియోగదారుల సంఘం' అని నీలం అక్షరాల బోర్డు ఉండేది. అటుగా వెళ్ళినప్పుడల్లా పక్క తండా రైతు తుల్సీరాం తల ఎత్తి ఆ కిటికీ వంక చూస్తాడు. ఎందుకు చూస్తున్నావని పక్కవాళ్ళు అడగకపోతే బాగుండునని భార్య జమ్లి అనుకుంటుంది. అడిగితే ఇక ఆ పూటకు పనులేవీ సాగవు.

సంఘం అంటే నిజానికి బసవపున్నయ్యే. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం ఆయనది. ఒక దుకాణదారు దొంగముద్ర వేసిన మోటారు అంటగట్టి, అడిగితే ఎగతాళి చేశాడట. ఆ కోపంతో ఖమ్మంలో వినియోగదారుల ఫోరానికెక్కి గెలిచాడు. గెలిచినవాడు హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు కదా! ఆ రుచి మరిగి సంఘం పెట్టాడు. కల్తీ పురుగుమందు కానీ, తూకం తగ్గిన గ్యాస్ బండ కానీ, రాని బస్సు కానీ, మేడెక్కి గోడు చెప్పుకుంటే చాలు, "కూర్చో, రాద్దాం" అనేవాడు. తుల్సీరాంకి నచ్చింది ఆ మొదటి మాటే. అంతవరకూ ఏ ఆఫీసులోనూ ఆయన్ని కూర్చోమన్నవాళ్ళు లేరు.

గదిలో ఉన్నది ఒకటే బెంచీ. తండా నుంచి వచ్చిన లాల్‌సింగూ, ఎకరాలకెకరాలున్న ఆసామీ దానిమీద పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. కింద సెంటర్లో అది జరిగే పని కాదు. సాయంత్రమైతే ఎవరో ఒకరు పకోడీలు తెప్పించేవాళ్ళు. ఆ కాగితపు పొట్లం చుట్టూ ఎన్ని తగువులు, ఎన్ని నవ్వులు!

ఆ రోజుల్లో తండాను ఏడిపించింది పొలాల దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్. మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే అది భగ్గుమనేది. లైన్‌మన్ వచ్చి, చూసి, పెదవి విరిచి వెళ్ళేవాడు. తర్వాతి పనంతా రైతులదే. తాళ్ళు కట్టి దింపాలి, ట్రాక్టర్‌కెత్తాలి, కొత్తగూడెంలో రిపేరు షెడ్డుకు మోసుకెళ్ళి పడిగాపులు పడాలి, బాగైతే మళ్ళీ తెచ్చి ఎక్కించాలి. నిజం చెప్పాలంటే ఆ మోతలో ఒక సంబరం కూడా ఉండేది. ఒక్క మోటారుకు కష్టం వస్తే తండా తండా కదిలేది. ఆడవాళ్ళు జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చేవాళ్ళు, ట్రాక్టర్ మీద దారి పొడవునా పాటలే. అది అసలు ఆఫీసువాళ్ళు చేయాల్సిన పని అని బసవపున్నయ్య నిబంధనలు చదివి చెప్పినప్పుడు తండా అంతా ఆయన్ని వింతగా చూసింది. ఆఫీసుకు అర్జీలు పెడితే జవాబే రాలేదు.

రెండువేల మూడు, సంక్రాంతి దాటిన చలికాలం. ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ కాలింది. మిగతావాళ్ళ పత్తి అప్పటికే ఇళ్ళకు చేరింది. తుల్సీరాం మిర్చి మాత్రం చేను నిండా కాయతో ఉంది. వారం పది రోజుల్లో తడి అందకపోతే సంవత్సరం కష్టం గాలిలో కలిసినట్టే. అందుకే ఆ సాయంత్రానికే దింపి ట్రాక్టర్‌కెత్తారు, తెల్లారి కొత్తగూడెం పోదామని.

సరిగ్గా ఆ తెల్లారే ఖమ్మంలో కరెంటు చార్జీలు తేల్చే కమిషన్ బహిరంగ విచారణ పెట్టింది. సంఘాలు వచ్చి జనం మాట చెప్పవచ్చట. తండా నుంచి ఒకరిద్దరిని రమ్మని బసవపున్నయ్య ముందే కబురు పెట్టాడు. మనుషులు వస్తే చాలని ఆయన ఉద్దేశం.

తుల్సీరాం బుర్ర మరోలా పనిచేసింది. తండాలో నాయకుడి ముందు పంచాయితీ కూర్చుంటే, గొడవ దేని గురించో అది నడిమధ్య ఉండాలి. దూడ గురించైతే దూడను తెచ్చి కట్టేస్తారు, బిందె గురించైతే బిందె పెడతారు. తీర్పయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఖమ్మంలో జరిగేదీ పంచాయితే కదా, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఏం మాట్లాడతారు?

తెల్లారి ఏన్కూరు సెంటర్లో ట్రాక్టర్ ఆపించాడు. ఒక దారి కొత్తగూడెం, ఒక దారి ఖమ్మం. నడిపే ధన్‌సింగ్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని వెనక్కి చూశాడు. ముందు ఎండేది నీ చేనే, ఆలోచించుకో అన్నాడు లాల్‌సింగ్. తుల్సీరాం ఆలోచించాడు. ఈ ఒక్కసారి బాగుచేయించుకుంటే వచ్చే ఏడు మళ్ళీ ఇదే మోత.

"ఖమ్మం తిప్పు" అన్నాడు.

హాలు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డంపడ్డాడు. లోపల ఇస్త్రీ చొక్కాల్లో, ఫైళ్ళు చంకన పెట్టుకుని జిల్లాల నుంచి వచ్చిన సంఘాల వాళ్ళు. గొడవ విని బసవపున్నయ్య బయటికొచ్చాడు.

"పెళ్ళికి పిలిస్తే పొయ్యి మోసుకొచ్చావేంటయ్యా తుల్సీరామూ" అని తల పట్టుకున్నాడు. చేసేది లేక ట్రాక్టర్‌ను గోడవారగా పెట్టించి లోపలికి వెళ్ళాడు.

లోపల తన వంతు వచ్చినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ల మోత గురించి అడిగాడు. ఆఫీసు తరఫున ఒక అధికారి లేచి, కాలినవాటిని తమ వాహనాల్లోనే తరలిస్తున్నామని, రైతులకు ఏ ఇబ్బందీ లేదని చల్లగా చెప్పి కూర్చున్నాడు. బసవపున్నయ్య చేతిలోని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యా, మా సాక్షి బయట ఉంది. బరువు మనిషి, మెట్లెక్కలేదు. మీరే ఒకసారి దయచేయాలి."

కమిషన్ పెద్దాయన నవ్వి లేచాడు. ఆయన వెనకే హాలు హాలంతా గేటు దగ్గరికొచ్చింది. మసిబారిన ట్రాన్స్‌ఫార్మర్, కింద సిమెంటు మీద కారిన నూనె, చుట్టూ తాళ్ళతో ఒరుసుకుపోయిన చేతులు. దీన్ని ఎవరు తెచ్చారని పెద్దాయన అడిగాడు.

"మేమే దింపినం, మేమే ఎత్తినం, మేమే తెచ్చినం సారూ" అన్నాడు తుల్సీరాం. "మా తండాల పంచాయితి అయితే, లొల్లి దేని మీదనో దాన్ని నడిమిట్ల పెడ్తం. గందుకే తెచ్చిన."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఒకసారి తిరిగి, ఇందాక మాట్లాడిన అధికారి వైపు చూశాడు. అధికారి నేల చూపులు చూశాడు.

భోజనాల వేళ అదే అధికారి తుల్సీరాంను పక్కకు పిలిచాడు. రేపటికల్లా పొలంలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిస్తానన్నాడు. సమస్య తీరింది, ఫిర్యాదు లేదు అని సంతకం పెడితే చాలు. జేబులోంచి పెన్ను కూడా ఆయనే తీసి ఇచ్చాడు. బసవపున్నయ్య అక్కడే ఉన్నాడు.

"పంట నీది. పెట్టు తుల్సీరామూ, నేనేమీ అనుకోను" అని మొహం అటు తిప్పుకున్నాడు.

తుల్సీరాం పెన్ను తీసుకున్నాడు. కళ్ళముందు ఎర్రబారుతున్న చేను కదిలింది. అందులో వంగి కాయ కోస్తున్న జమ్లి కదిలింది. కానీ పది తండాల వాళ్ళు ఇట్లాగే మోస్తున్న సంగతి ఆయనకు తెలియనిదా?

"పంచాయితి తెగలే సారూ" అని పెన్ను తిరిగిచ్చాడు. "నడిమిట్ల పెట్టినదాన్ని నేనొక్కన్నే ఎట్ల తీస్త? తీస్తే నా మటుకే అయితది. మిగిలినోళ్ళు ఎప్పటిలెక్కనే మోస్తరు."

ఆ రోజు తిరుగు దారిలో ట్రాక్టర్ మీద ఎవరూ పాడలేదు. మర్నాడు కొత్తగూడెం షెడ్డుకు వెళ్ళేసరికి వీళ్ళకంటే ముందు బోలెడు వచ్చి పడి ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ బాగై తిరిగొచ్చేనాటికి మిర్చి ఆకు ముడుచుకుపోయింది, కాయ తెల్లబారి తాలైపోయింది. జమ్లి ఆ తాలు కాయలే ఏరుకుంది, పల్లెత్తు మాట అనకుండా. అరిచి ఉంటే బాగుండేదని తుల్సీరాం ఇప్పటికీ అంటాడు. మిర్చి పండించే ఇంట్లో ఆ ఏడు కారప్పొడి కొట్టులో కొన్నారు.

వానాకాలంలో ఉత్తర్వు వచ్చింది. దింపడం, తరలించడం, మార్చి పెట్టడం అంతా ఆఫీసు బాధ్యతే, రైతు చెయ్యి వేయనక్కర్లేదు అని. బసవపున్నయ్య దాన్ని బెంచీ ఎక్కి నిలబడి చదివాడు, పెద్దమనిషి చిన్నపిల్లాడిలా. ఉత్తర్వు కాగితం మీంచి పొలంలోకి దిగడానికి మరికొన్నేళ్ళు పట్టింది. ఆయన ఒక్కో ఊరి నుంచి ఫిర్యాదు రాయిస్తూ, వెంటపడుతూనే ఉన్నాడు. బూర్గంపాడు వైపు మొదటి ఆఫీసు బండి వచ్చిందని తెలిసిన రోజు పకోడీలు అందరికీ తనే తెప్పించాడు. తర్వాత ఒంట్లో బాగోక విజయవాడలో కూతురు దీపిక దగ్గరికి వెళ్ళాడు, అక్కడే పోయాడు. గది ఖాళీ అయింది. బెంచీ ఎవరు తీసుకుపోయారో తెలియదు.

రెండువేల తొమ్మిదిలో తండా ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ కాలింది. తుల్సీరాం కొడుకు బాబూరావు చేను గట్టు మీద నిలబడే సెల్‌ఫోన్లో ఫిర్యాదు చెప్పాడు. మర్నాడు పొద్దెక్కేసరికి ఆఫీసు లారీ పొలంలోకి వచ్చింది. తుల్సీరాం అలవాటుగా తలగుడ్డ బిగించి, తాడు భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో చేరాడు.

"పక్కకు జరుగు పెద్దాయనా, మేం చూసుకుంటం" అన్నాడు లారీ మీది కుర్రవాడు, మర్యాదగానే.

తుల్సీరాం జరిగాడు. చుట్టూ చూస్తే తండా నుంచి ఇంకెవరూ రాలేదు. రావాల్సిన పనేముంది? ఆనందంగానే ఉంది. ఆ ఆనందాన్ని పంచుకోవడానికి పక్కన లాల్‌సింగ్ లేడు, ధన్‌సింగ్ లేడు, పాట లేదు. లారీ పాతదాన్ని ఎత్తుకుని మట్టి రేపుకుంటూ వెళ్ళిపోయేదాకా నిలబడి, తాడు చుట్టుకుని ఇంటికి వచ్చాడు.

జమ్లి వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. లారీ వచ్చి మార్చి వెళ్ళిందని, తనను చెయ్యి కూడా వేయనీయలేదని చెప్పాడు. ఎండిపోయిన ఆ ఏడాది చేను గురించి ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారీ ఎత్తలేదు.

"ఆ లారీ ఉత్తగ రాలే" అంది చివరికి, తల ఎత్తకుండా. "మన మిర్చి చేను మేసి వచ్చింది."

తుల్సీరాం తల దించుకున్నాడు. ఆమె ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళోకి తీసుకుంది.

"మేస్తే మేసింది తియ్. మంచిగ పనిచేస్తంది కదా" అంది.