రెండో తాళంచెవి

బట్టలు నానబెట్టే ముందు జేబులు వెతకడం నా పనే. మా ఆయన ప్యాంటులో ఎప్పుడూ ఉండేవే ఉంటాయి: నలిగిన రుమాలు, మూత లేని పెన్ను. ఈసారి ఒక చిన్న తాళంచెవి తగిలింది. కొత్తది, మెరుపు కూడా పోలేదు. ఎవరింటిదీ తాళం? మా బీరువా దగ్గర్నుంచి అత్తగారి పెట్టె దాకా అన్నిటికీ పెట్టి చూశాను. దేనికీ పట్టలేదు. సిగ్గులేకుండా వీధిలో ముగ్గురు ఆడవాళ్ళ ముఖాలు కూడా తలుచుకున్నాను, పాపం వాళ్ళకేం తెలుసు! ఆయన్ని మాత్రం అడగలేదు. అడిగితే "నీకు అనుమానం జబ్బు" అంటాడు. దాన్ని జేబులో వేసుకుని డ్యూటీకెళ్ళాను.

మాది గాలిమరల ప్లాంటు. ఆయన షిఫ్టు సూపర్‌వైజరు. ఏ మర తిరగాలో, ఏది ఆగాలో జీపులో తిరుగుతూ చూసుకుంటాడు. నేను టవరెక్కి రిపేర్లు చేస్తాను. "కోడలు ఆకాశంలో ఉంటే పొయ్యి దగ్గరెవరమ్మా?" అని అత్తగారు అన్న రోజు నుంచీ అక్కడా నేనే, ఇక్కడా నేనే. మా పనిలో గట్టి కట్టుబాటు ఒకటుంది. ఎక్కేవాళ్ళు కింద స్విచ్చు ఆపి, దానికి సొంత తాళం వేసి, తాళంచెవి తమ దగ్గరే ఉంచుకుని ఎక్కాలి. ఒక తాళానికి ఒకటే చెవి. పైన మర లోపల మన చేతులుండగా కింద ఎవరూ దాన్ని తిప్పకుండా.

ఆ రోజు ఏడో టవరు. తాళం వేశాక, ఎందుకో మరి, ఆ కొత్త చెవి అందులో పెట్టి చూశాను. టక్కున తెరుచుకుంది.

నిజం చెప్తున్నా, ఇంకో ఆడదున్నా బాగుండేదనిపించింది. మొన్నామధ్య నేను దిగేసరికి ఆయన "ఎంతసేపు తల్లీ, గాలంతా వృథా" అని విసుక్కున్నాడు. పోయిన వారం దిగి చూస్తే తాళం నేను వేసిన తీరులో లేదు. నేనే అలా వేశానేమో అనుకున్నాను. ఏది జరిగినా నేనేనేమో అనుకోవడం బాగా అలవాటైపోయింది నాకు.

వాకీటాకీ తీశాను. "ఏమండీ, నా తాళానికి రెండో చెవి ఎందుకు చేయించారు?"

"అదా! నువ్వెక్కడో పారేసుకుంటావని. నీ మంచికే."

"పారేసుకుంటే నేను దిగి నిలబడ్డాక తాళం కోయిస్తారు. మిగతావాళ్ళవి కూడా చేయించారా?"

"వాళ్ళవెందుకు?"

అదీ సంగతి. పదకొండు మంది మెకానిక్కుల్లో నా ఒక్కదాని ప్రాణానికే రెండో చెవి కావాల్సొచ్చింది.

"అందరూ వింటున్నారు, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," గొంతు తగ్గించాడు. "నా మీద ఆమాత్రం నమ్మకం లేదా?"

పద్నాలుగేళ్ళుగా ఈ ప్రశ్నకి "అయ్యో, ఎందుకు లేదండీ" అనే చెప్పాను. టవరెక్కడానికి నడుముకి కట్టుకున్న బెల్టు విప్పి కింద పెట్టి, మళ్ళీ బటన్ నొక్కాను.

"లేదండీ. మీరు కింద ఉండగా నేను పైకెక్కను."