చివరి పన్నెండు పేజీలు

పుస్తకం చివర ఉండే సూచికను చదివేవాళ్ళు ఎవరూ ఉండరు. ఏ పేరు ఏ పేజీలో ఉందో చూసుకుంటారు, దొరకగానే అటు తిప్పేస్తారు. దాన్ని ఒక మనిషి కూర్చుని రాస్తుందని, రాసేసరికి ఆ మనిషికి మెడ పట్టేస్తుందని, కళ్ళు మండుతాయని ఎవరికీ తట్టదు. ముందుమాటలో భార్యకీ, పక్కింటివాళ్ళకీ, చివరికి పెంపుడు పిల్లికీ కృతజ్ఞతలు చెప్పే పండితులు కూడా సూచిక రాసినవాళ్ళ ఊసెత్తరు. ఆ ఒక్క సంగతి తలుచుకుంటే అక్కయ్యకు ఒళ్ళు మండేది.

ప్రాంతీయ చరిత్ర మీదా, మామూలు మనుషుల జీవితాల మీదా జరిగే పరిశోధనలను మాత్రమే అచ్చువేసే ఒక చిన్న సంస్థలో ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా సూచికలు రాస్తోంది. సంస్థ నడిపేది సొంత తమ్ముడు. వాడు అక్కా అంటాడు కాబట్టి మిగతావాళ్ళందరికీ అక్కయ్యగారు అయింది. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాడైన బైండరు కూడా అలాగే పిలుస్తాడు. మేడమీద గది ఆవిడది. గోడ పొడుగునా బల్ల, బల్ల మీద అట్టపెట్టెలు, పెట్టెల నిండా చీటీలు. ఒక్కో మనిషికి ఒక చీటీ, ఒక్కో ఊరికి ఒకటి, ఒక్కో సంగతికి ఒకటి. పేజీలు చదువుతూ చీటీల మీద నంబర్లు వేసుకుంటూ పోవడం, ఆఖర్న అన్నీ బల్ల మీద పరిచి దేనికి దేనితో చుట్టరికమో తేల్చడం, ఇదీ పని. ఈ రోజుల్లో ఇదంతా కంప్యూటరు చేస్తుంది కదా అని తమ్ముడు ఎన్నిసార్లు గొణిగినా ఆవిడది ఒకటే జవాబు. కంప్యూటరు మాటల్ని వెతుకుతుంది గానీ మనుషుల్ని వెతకలేదట. అందులో నిజం లేకపోలేదు. ఆ నిజమే కొంప ముంచింది.

ఆ ఏడు వచ్చిన పుస్తకం ఒక రాతిగనుల పట్టణం చరిత్ర. రాసింది మాష్టారు, ముప్పై ఏళ్ళు విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. నలభై ఏళ్ళ కిందట అక్కడ పదిహేడుమంది కూలీలు సమ్మె కట్టారు. వారం తిరక్కుండా పదిహేడుమందీ పోయారు. పేలుడు ప్రమాదమని కాగితాల్లో రాసుకున్నారు. అది ప్రమాదం కాదని మాష్టారు పన్నెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి తేల్చారు. ఆనాటి యజమాని ఇప్పుడు మంచం పట్టాడు, ఊరు మాత్రం ఆయన కొడుకుల గుప్పిట్లోనే ఉంది. గతంలో దీని గురించి నోరు విప్పినవాడు ఒకడు లారీ కింద పడ్డాడు. ఇంకొకడి ఇల్లు తగలబడింది, వాడు లోపల ఉండగానే. ఈ రెండూ పుస్తకంలోనే ఉన్నాయి. అక్కయ్య వాటికీ చీటీలు రాసి నంబర్లు వేసింది.

శవాలను లారీలోకి ఎక్కించడం కళ్ళారా చూసింది ముగ్గురు ఆడవాళ్ళని పుస్తకం చెబుతుంది. ఒకామె గని కాంటా దగ్గర లారీల బరువు రాసుకునే గుమాస్తా. ఒకామె కూలీల మెస్సులో వంటావిడ. మూడో ఆమె కుట్టుమిషను మీద బతికే మనిషి. సాక్షుల పేర్లు మార్చానని మాష్టారు ముందుమాటలో రాశారు. అక్కయ్య ఆ వాక్యం చదివింది. మారిస్తే మార్చారు, సూచికలో వాళ్ళ పనే పేరుగా పెడదాం అనుకుని ముందుకు పోయింది. ఎందుకు మార్చారా అని ఆ పూట ఒక్క నిమిషం ఆగి ఉంటే నాకు చెప్పడానికి ఈ కథ ఉండేది కాదు.

నలభై ఒకటో పేజీలో కాంటా గుమాస్తాకు పేలుడు చప్పుడుకి కుడిచెవి పోయింది. నూట పద్దెనిమిదిలో వంటావిడ ఎవరు మాట్లాడాలన్నా తన ఎడమ పక్కకి రమ్మంటుంది. రెండువందల ఏడులో కుట్టుమిషను ఆవిడ వాన చప్పుడు ఒక్క చెవితోనే విన్నానంటుంది. చెవుడు అని చీటీ రాసి మూడు నంబర్లూ వేయగానే అక్కయ్య కలం ఆగింది. పెట్టెలోంచి ఆ ముగ్గురి చీటీలూ తీసి పక్కపక్కన పెట్టుకుంది. గుమాస్తా ఉద్యోగం పోయిన ఏడాదే వంటావిడ మెస్సులో చేరింది. మెస్సు మూతపడిన నెలలోనే మూడో ఆమె మిషను తెచ్చుకుంది. ముగ్గురెక్కడ? ఉన్నది ఒక్కతే.

ఆ సాయంత్రం ఆవిడ సంబరం చూసి తీరాలి. మాష్టారంతటివారికి మతిమరుపొచ్చి ఒకే మనిషిని మూడుసార్లు కొత్తగా పరిచయం చేశారనుకుని తనలో తనే నవ్వుకుంది. రచయితల తప్పుల్ని సూచికలో చడీచప్పుడు లేకుండా సర్దేయడం ఆవిడకు కొత్త కాదు, అదొక గర్వం కూడా. మూడు చీటీలనూ ఒకటి చేసింది. కాంటా గుమాస్తా, తర్వాత మెస్సు వంటావిడ, తర్వాత కుట్టుపని, ముగ్గురూ ఒకరే అని రాసి, వయసు, చెవుడు, పెళ్ళి కాకపోవడం, స్టేషను వెనక వీధిలో కాపురం, అన్నిటికీ కింద వరసగా పేజీలు వేసింది. పుస్తకమంతా చెదిరి ఉన్న మనిషిని అరపేజీలో కూర్చోబెట్టింది.

లెక్కప్రకారం అచ్చుకు వెళ్ళేముందు సూచికను రచయిత చూడాలి. ఆ వారమే మాష్టారికి కంటి ఆపరేషన్ అయింది. కూతురి ఇంట్లో కళ్ళకు గంతలతో పడుకుని ఉన్నారు. తమ్ముడు ఫోన్ చేస్తే, సూచికలో చూడ్డానికేముందయ్యా, మీ అక్కయ్యగారు చూసుకుంటారులే అన్నారట. పుస్తకం అచ్చయింది.

సోమవారం పొద్దున బైండరు దగ్గర్నుంచి ప్రతులు దిగాయి. పదకొండు గంటలకు ఒక పెద్దమనిషి మేడమెట్లెక్కి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. స్థానిక చరిత్రలంటే ఇష్టమని, ఈ పుస్తకం వస్తోందని విని వచ్చానని చెప్పాడు. అక్కయ్య ఒక ప్రతి చేతికిస్తే, అట్ట చూడలేదు, ముందుమాట చూడలేదు, తిన్నగా వెనక్కి తిప్పి సూచిక తెరిచాడు. ఇరవై ఆరేళ్ళలో అలా తెరిచిన మనిషిని ఆవిడ చూడలేదు.

అతను తీరిగ్గా చదివాడు. వేలు ఒక చోట ఆగింది. ఈ ముగ్గురూ ఒకరేనని ఎలా పట్టుకున్నారండీ, పుస్తకంలో ఎక్కడా అలా లేదే, అని ఆశ్చర్యంగా అడిగాడు. అక్కయ్య ఉబ్బితబ్బిబ్బయింది. కుర్చీ దగ్గరికి లాక్కోమంది. చీటీలు తీసి చెవుడు సంగతి చెప్పింది, ఏళ్ళు ఎలా కలిశాయో చెప్పింది. అతను మధ్యమధ్య తలాడిస్తూ, ఇదీ అసలైన పరిశోధనంటే, అన్నాడు. చీటీల మీది వివరాలు రాసుకోవచ్చా అంటే దానికేం భాగ్యం అంది. పుస్తకాలు ఇంకా బయటికి ఇవ్వకూడదు కాబట్టి, తనకు రావలసిన సొంత ప్రతిని ఇచ్చి పంపింది. రెండు చేతులూ జోడించి వెళ్ళాడు. ఆ రోజంతా ఆవిడ కాళ్ళు నేలమీద లేవు.

బుధవారం సాయంత్రం మాష్టారు వచ్చారు, నల్లకళ్ళద్దాలతో, కూతురి చెయ్యి పట్టుకుని. అక్కయ్య ఆయన్ని ఆటపట్టిద్దామని కాచుక్కూర్చుంది. మీ మతిమరుపు నేను కప్పిపెట్టాను మాష్టారూ అంటూ సూచిక తెరిచి, ఆయన కళ్ళకు దగ్గరగా పట్టింది. ఆయన చాలాసేపు చూశారు. అద్దాలు తీశారు, కారుతున్న కంటితో మళ్ళీ చూశారు.

"మతిమరుపు కాదమ్మా. కావాలనే మూడు ముక్కలు చేశాను," అన్నారు. "ఆ ఊళ్ళో కాంటా దగ్గర పనిచేసినవాళ్ళు పదిమంది ఉంటారు. మెస్సులో వండినవాళ్ళు ఇరవైమంది. కుట్టుమిషన్లు వీధికొకటి. మూడు పనులూ చేసింది ఆ ఒక్కతే."

ఇది ఎవరికీ చెప్పనని ఆమెకు మాటిచ్చానని, అందుకే తమ్ముడికీ చెప్పలేదని ఆయన అన్నారు. కేసు మళ్ళీ తెరిస్తే బతికున్న సాక్షి ఆవిడొక్కతేనట. ప్రతులన్నీ గదిలోనే ఉన్నాయి కదా, చివరి పన్నెండు పేజీలూ చింపేసి కొత్తవి కుట్టిద్దాం, ఎవరూ చూడలేదు కదా అని తమ్ముడు ధైర్యం చెప్పబోయాడు. ఎవరూ చూడలేదు అన్న మాట దగ్గర అక్కయ్య వాణ్ణి ఆపింది. సోమవారం నాటి పెద్దమనిషి సంగతి మొత్తం చెప్పింది. చీటీలు చూపించానని కూడా చెప్పింది, దాచలేదు. సిగ్గుతో తల తీసేసినట్టయింది. మాష్టారు కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన ఫోన్ తీసి ఆ సాక్షి నంబరు నొక్కారు. మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. నాలుగుసార్లు చేశారు.

ఆ ఊరి పోలీసులకు చెప్పడమంటే యజమాని కొడుకులకు చెప్పడమే. మాష్టారి మొహం అక్కడ అందరికీ తెలుసు, ఆయన వెళ్తే వేలు పెట్టి చూపించినట్టే. నేను వెళ్తాను, చేసింది నేను, అంది అక్కయ్య. తమ్ముడు వద్దన్నా వినలేదు. మాష్టారు ఇంటి గుర్తులు చెప్పి, ఒక మాట పదేపదే చెప్పారు. జాకెట్టు గుడ్డ పట్టుకుని కుట్టించుకోవడానికి వచ్చినదానిలా వెళ్ళాలి. పక్కన మనుషులు లేరని చూసుకునేదాకా తన పేరు గానీ, పుస్తకం మాట గానీ ఎత్తకూడదు. ఆమెను మొదటి బస్సులో తనతో తెచ్చేసుకోవాలి. అక్కయ్య చిన్నపిల్లలా అన్నిటికీ సరేనంది.

గురువారం పొద్దున బస్సులో మూడు గంటల ప్రయాణం. ఒళ్ళో గుడ్డ సంచీ, నోట్లో అదే మాట: కొలతలు ఇద్దామని వచ్చానమ్మా. బస్సు దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. ఊరంతా రాతిపొడి, చెట్ల ఆకుల మీదా, కొట్ల గల్లాల మీదా. కొట్లో వాళ్ళు కొత్త మొహాన్ని తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. ప్రతి చూపుకీ ఆవిడ సంచీలోని జాకెట్టు గుడ్డ పైకి కనబడేలా సర్దుకుంది. స్టేషను వెనక వీధి ఇరుకుది, ఎదురుగా ఒక మనిషి వస్తే పక్కకి ఒరగాలి. వీధి మొదట్లో ఒక తెల్లకారు నిలబడి ఉంది, లోపల ఎవరూ లేరు. అక్కయ్య దాన్ని చూసింది, అడుగులు తొందర చేసింది. ఏడో గుమ్మం, ఆకుపచ్చ తలుపు. తలుపు తీసే ఉంది. లోపల మిషను తిరుగుతోంది.

ఆ చప్పుడు వినగానే ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. బతికుంది. నిన్న సాయంత్రం నుంచీ కళ్ళముందు ఆడిన లారీ, తగలబడుతున్న ఇల్లు, అన్నీ ఒక్కసారి వదిలిపోయాయి. ఎండలోంచి గుమ్మంలోకి అడుగు పెడితే లోపల చీకటిగా ఉంది, కిటికీ వెలుగులో మిషను ముందు కూర్చున్న బక్కపల్చటి పెద్దావిడ ఒక్కతే కనిపించింది. మెడలో టేపు, ముక్కు మీద కళ్ళజోడు. తలెత్తి కొత్త మనిషిని చూసి, ఎవరు కావాలి అన్నట్టు కళ్ళెగరేసింది. పాఠంలా వల్లించుకున్న మాట నాలుక చివరే ఉంది. కానీ వచ్చింది వేరే మాట.

"అమ్మా, మాష్టారు పంపారు. పుస్తకంలో మూడు పేర్లతో ఉన్నది మీరొక్కరేనని వాళ్ళకి తెలిసిపోయింది. లేవండి, బస్సుంది."

మిషను ఆగిపోయింది. పెద్దావిడ లేవలేదు. ఆమె చూపు అక్కయ్య భుజం మీదుగా వెనక్కి పోయింది. కళ్ళు చీకటికి అలవాటుపడేసరికి అక్కయ్యకూ కనిపించింది, తలుపు వెనక గోడవార ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకడు ఎవరో తెలీదు, వాడి చేతిలో కారు తాళాలున్నాయి. రెండో అతను సోమవారం నాటి పెద్దమనిషి. వెళ్ళిపోవడానికి చెప్పులు కూడా తొడుక్కున్నాడు. చంకలో పుస్తకం.

"రండి అక్కయ్యగారూ," అన్నాడు అదే మెత్తటి గొంతుతో. "నిన్నటి నుంచీ అడుగుతున్నాం. కాంటా మొహం కూడా చూడలేదంటుంది ఈవిడ. పాత జీతాల పుస్తకాలు ఎప్పుడో కాలిపోయాయి, ఎవర్ని అడగాలో తెలీక పొరపాటు పడ్డామనుకున్నాం. మీ పనిలో పొరపాటుండదు."

అతను చెప్పులు విడిచి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. తాళాలవాడు అక్కయ్య పక్కనుంచి వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టాడు. అక్కయ్య చేతిలోంచి సంచీ జారి కింద పడింది.

పెద్దావిడ కళ్ళజోడు తీసి మిషను మీద పెట్టింది. అక్కయ్య వైపు చూసినప్పుడు ఆమె మొహంలో కోపం లేదు, ఒట్టి అలసట.

"వీళ్ళు నన్ను నమ్మారమ్మా," అంది నెమ్మదిగా. "వెళ్ళిపోదామని లేచారు. నువ్వొచ్చావు."