పారెయ్యనన్న రింగులు

ఇరవై రెండేళ్ళలో నా చేతిపనికి ఎవరూ వంక పెట్టలేదు. మొన్న సోమవారం మా సార్ పెట్టారు. అదీ ల్యాబులో అందరి ముందు.

మా పని ఏమిటో చెప్తాను. ఎలుక రక్తనాళాన్ని పిసరంత రింగులుగా కోసి, సన్నటి తీగలకు తగిలించి, వెచ్చటి ఉప్పునీళ్ళలో వేలాడదీస్తాం. నోరడ్రినలిన్ అనే హార్మోను వేస్తే రింగు బిగుసుకుంటుంది. తర్వాత ఇంకో మందు వేస్తే నాళం లోపలి పొర ఒక వాయువును వదిలి రింగును సడలిస్తుంది. కోసేటప్పుడు కత్తెర తగిలి ఆ పొర గీసుకుపోతే రింగు సడలదు. అందుకే సార్ గోడకు రూలు అంటించారు: సడలని రింగు పారెయ్యాలి.

షుగరు జబ్బు రక్తనాళాలను ఎలా పాడుచేస్తుందో తెలుసుకోవడానికి కొన్ని ఎలుకలకు ఆ జబ్బు తెప్పించాం. ఈ షుగరు ఎలుకల రింగులు మూడు వారాలుగా సడలడం లేదు. బిగుసుకోవడం మాత్రం మామూలు వాటికంటే గట్టిగా బిగుసుకుంటున్నాయి. రూలు ప్రకారం అన్నీ చెత్తబుట్టలోకే పోయాయి.

"నీక్కూడా షుగరుంది కదమ్మా. చెయ్యి వణుకుతున్నట్టుంది. రేపట్నుంచి కోత పని వదిలేసి సీసాలు చూసుకో," అన్నారు సార్.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"మంచి ఎలుకల రింగులు కూడా నేనే కోస్తున్నాను సార్. అవి చక్కగా సడలుతున్నాయి. నా చెయ్యి ఎలుకను బట్టి వణుకుతుందా?"

"షుగరు ఎలుకల నాళాలు సుకుమారం. వాటికి ఇంకా నెమ్మదైన చెయ్యి కావాలి."

సుకుమారమట. ఇంటికెళ్ళి చెప్తే మా ఆయన, "పోనీలేవే, సీసాలు కడిగితే మాత్రం ఏం పోయింది?" అన్నాడు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు అందరికంటే ముందే వెళ్ళాను. ఎలుకల్ని చూసుకునే బాబాయి అప్పుడే గది తెరుస్తున్నాడు.

"ఏంటమ్మాయ్, పొద్దున్నే యుద్ధానికి బయల్దేరావు?"

"ఇవాళ తాడో పేడో తేల్చుకుంటాను బాబాయ్. షుగరు ఎలుకనొకదాన్ని ఇవ్వు."

కోశాను. రింగు సడలలేదు. నేను దాన్ని పారెయ్యలేదు. లోపలి పొరతో పనిలేకుండా నేరుగా కండరాన్నే సడలించే మందు వేస్తే వెంటనే సడలింది. అంటే కండరం బాగానే ఉంది. ఇక తేలాల్సింది పొర సంగతి. పక్క రింగును చీల్చి, పరిచి, వెండి రసాయనం పూసి మైక్రోస్కోపు కింద పెట్టాను. గచ్చు మీద పరిచిన రాళ్ళలా కణాల అంచులు నల్లగా తేలాయి. ఒక్కటీ ఊడలేదు.

సార్ రాగానే చెయ్యి పట్టుకుని లాక్కురావడం ఒక్కటే తక్కువ.

"చూడండి. ఎక్కడైనా గీత ఉందేమో వెతకండి."

ఆయన స్లైడును అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూశారు.

"పొర ఉంది. ఉండి కూడా పని చెయ్యడం లేదు," అన్నారు చివరికి. "నువ్వు చెడగొట్టింది కాదమ్మా ఇది, జబ్బే. మనం వెతుకుతున్నదాన్నే మూడు వారాలుగా పారేయించాను. తప్పు నాది."

నెగ్గానని గంతులెయ్యాల్సింది. స్టూలు లాక్కుని కూర్చున్నాను. తొమ్మిదేళ్ళుగా నాకూ అదే జబ్బు. నా ఒంట్లో కూడా ఆ పొర పైకి చక్కగా కనబడుతూ పని మానేస్తోందన్నమాట. నిజం చెప్పాలంటే చాలా భయమేసింది.

సార్‌కి కూడా అదే తట్టినట్టుంది. నా మొహంలోకి చూడలేక తల దించుకున్నారు. ఆ జాలికి మళ్ళీ మండింది.

"నా మీద జాలి తర్వాత పడుదురుగాని సార్. ఇంకో ఎలుకను ఇప్పించండి. ఈ పొర ఎందుకు మొరాయిస్తోందో తేలేదాకా కోసేది నేనే."