పండగ డ్యూటీ

బిట్రగుంట రైల్వే కాలనీలో గోడలకు వెల్ల వేయించుకోవాలని సరదాపడే ఆడది ఉంటే, ఆమె ఆ ఊరికి కొత్తగా వచ్చిందన్నమాట. పొద్దున తెల్లగా మెరిసిన గోడ సాయంత్రానికల్లా లోకో షెడ్డు పొగకు మాసిపోతుంది. అయినా డిసెంబరు నెల వచ్చిందంటే సువార్తమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపి, సున్నం కుండలో చిటికెడు నీలిమందు కలిపి, పీచు కుంచె పట్టుకుని గోడల మీద పడాల్సిందే. అదీ చప్పుడు కాకుండా. ఎందుకంటే లోపల మొగుడు సమాధానం పడుకుని ఉంటాడు. గూడూరు వైపు పోయే బండ్ల మీద ఫైర్‌మన్ అతను. "రాత్రంతా బొగ్గు కొట్టి వచ్చినా మే, కుండలు చప్పుడు చెయ్యబాక" అని దుప్పటి ముసుగులోంచే అరుస్తాడు. బయట వేపచెట్టు కింద అత్త పేరమ్మ. బాప్తిస్మంలో ఎస్తేరని పెట్టినా ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. సున్నం వాసనకు ఆమెకు ఆయాసం వస్తుంది. కాబట్టి వెల్లా వెయ్యాలి, వాసనా రాకూడదు. కాస్త ఆలోచించండి, ఎట్లా వీలవుతుందో.

వెల్ల ఒక్కటేనా? బియ్యం నానబోసి దంపాలి. పిల్లలిద్దరికీ కొత్తబట్టలు చేత్తోనే కుట్టాలి. వెదురు పుల్లలు చీల్చి, రంగు కాగితాలంటించి గుమ్మానికి నక్షత్రం కట్టాలి. పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగే క్యారల్స్ వాళ్లు ఎప్పుడొచ్చినా కాఫీ ఉండాలి, సమాధానం చర్చిలో పెద్దమనిషి గదా మరి. పండగనాడు చర్చి నుంచి వచ్చేవాళ్లందరికీ ఇంత అన్నం, ఇంత కూర. కట్టెలు కొట్టడం, నీళ్లు మోయడం, దీనికంతటికీ ఉన్నవి రెండు చేతులు. ఈ హడావుడి మధ్యలో, సరిగ్గా పండగ ముందురోజు పొద్దున, సమాధానం ఖాకీ చొక్కా తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఒక నిట్టూర్పు విడుస్తాడు. "డ్యూటీ పడింది మే. ఏం చేస్తాం. దొర డ్రైవర్లకు సెలవులు, మనకు బొగ్గు" అంటాడు. పెళ్లయిన ఏడాది నుంచి అదే మాట, అదే నిట్టూర్పు.

పిచ్చిది, ప్రతి ఏడూ ఆ నిట్టూర్పుకు సువార్తమ్మ కరిగిపోయేది. అయ్యో, పండగపూట బిడ్డల మొహం చూడకుండా నిప్పుల ముందర నిలబడతాడు గదా అని తను తినకుండా దాచి ఆయన పెట్టె నింపేది. ఇంజను మనుషులు డ్యూటీకి తీసుకుపోయే రేకు పెట్టె అది. దాని నిండా కజ్జికాయలు, అరిసెలు, గులాబీ పువ్వులు. "ఇంకొన్ని పెట్టు మే, నాతోపాటు పండగ లేనోళ్లు ఉంటారు పాపం" అనేవాడు. ఆ పాపం ఆమెకూ తగిలి ఇంకొన్ని పెట్టేది. ఆయన పోయాక ఆయన వాటా పనీ ఆమే చేసేది. చర్చిలో పాటల మధ్య కళ్లు మూసుకుని, ఇంజను మీద ఉన్న నా భర్తను కాయి తండ్రీ అని ప్రార్థన చేసేది.

ఆమె పుట్టిల్లు అల్లూరు. అంత దూరమేం కాదు. బండెక్కితే పక్క స్టేషనే అల్లూరు రోడ్డు, అక్కడినుంచి జట్కా. కానీ పండక్కి ఒక్కసారైనా పోయింది లేదు. ఆయన ఇంట్లో ఉంటే అత్తను చూసుకునే మనిషి ఉంటాడు, పోవచ్చు. డ్యూటీ పడితే ఎట్లా పోతుంది? పోయిన క్రిస్మస్‌కు ముందు తమ్ముడు చెంచయ్య వచ్చి, "అక్కా, అమ్మకు బాగలేదు. ఈ పండక్కి బిడ్డను ఒక్కపూట చూపించమంటా ఉండాది" అని అడిగాడు. సమాధానం ఎంతో బాధపడ్డాడు. "నా చేతిలో ఉంటే పంపనా అబ్బయా? డ్యూటీ పడె. అమ్మను ఒక్కదాన్ని ఎట్లా వదిలేది? కొత్త ఏడాది రానీ, నేనే తోడుకొస్తా" అన్నాడు. కొత్త ఏడాది వచ్చింది. సువార్తమ్మ వెళ్లింది కూడా, కానీ శవపెట్టెకు మేకులు కొట్టే వేళకు. పండగనాడు వీధిలో జట్కా చప్పుడైనప్పుడల్లా తల్లి తలెత్తి వాకిట్లోకి చూసిందని మరదలు చెప్పింది. ఆ మాట సువార్తమ్మ గుండెలో ముల్లులా ఉండిపోయింది. అయినా మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. డ్యూటీ పడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు!

ఈ ఏడు కజ్జికాయలు చేసే రోజున పక్కింటి కామమ్మ సాయానికి వచ్చింది. ఆమె మొగుడు మస్తానయ్య కూడా ఫైర్‌మనే. కామమ్మ పూరీ వత్తి ఇస్తుంటే సువార్తమ్మ కొబ్బరి పెట్టి అంచులు మడుస్తోంది. కామమ్మ కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, ఉన్నట్టుండి, "అక్కా, మా వల్ల మీకేమన్నా తప్పు జరిగిందా?" అని అడిగింది.

"ఏందమ్మా ఆ మాట?"

"కాదక్కా, షెడ్డులో ఎప్పట్నుంచో ఉండే వాడుకే గదా. మా పండగలకు మీవాళ్లు ఇంజనెక్కుతారు, మీ పండక్కి మావాళ్లు ఎక్కుతారు. ఉగాదికి మా ఆయన ఇంట్లో ఉండేది మీవాళ్ల చలవే. ఈయన ప్రతి ఏడూ సమాధానమన్నను అడగతానే ఉండాడు. అన్నా, క్రిస్మస్ టర్ను నాకియ్యి, నువ్వు పిల్లల్తో ఉండు అని. అన్న ససేమిరా అంటాడంట. పోయినేడు ఫోర్‌మన్ అన్నకు సెలవు వేస్తే, వద్దని మరీ అడిగి ఎక్కినాడంట. మా సాయం తీసుకోవడం మీకు నామోషీ ఏమోనని ఈయన నొచ్చుకుంటా ఉండాడు."

సువార్తమ్మ చేతిలో కజ్జికాయ అంచు సరిగా మడత పడలేదు. అట్లాగే నూనెలో వేసింది. అది కాస్తా విచ్చుకుని, కొబ్బరంతా బయటికొచ్చి, బాణలి నిండా మాడింది. "అయ్యో అక్కా, నూనె పాడైపోయింది!" అని కామమ్మ జల్లిగంటె అందుకుంది. పోయినేడు అన్న మాట దగ్గరే సువార్తమ్మ ఆగిపోయింది. పోయినేడు. అమ్మ వాకిలి చూసిన ఏడు.

కామమ్మ వెళ్లాక ఆమె అత్త మంచం దగ్గరికి పోయి నిలబడింది. "అత్తా, ఆయన పండగ డ్యూటీ అడిగి తీసుకుంటాడని నీకు తెలుసా?"

పేరమ్మ కాసేపు దగ్గింది. ఆ దగ్గు అవసరానికంటే కాస్త ఎక్కువే అయింది. "తెలిస్తే ఏంది? ఏడాది పొడుగునా నిప్పు ముందర మాడేవోడు. ఇంట్లో ఉంటే కట్టెలు కొట్టు, నీళ్లు తే, వచ్చినోళ్లకు బెంచీలు వెయ్యి, ఇదే గదా. గూడూరులో ఇంజనోళ్లు దిగే రన్నింగ్ రూములో అయితే ఇంత చేపలపులుసు తిని, నలుగురితో పేకాడుకుని, ఒళ్లు వాలుస్తాడు. మగోడు, ఆ మాత్రం ఊపిరి తీసుకోవద్దా?"

"మరి మా అమ్మో?"

"ప్రభువు పిలుచుకుంటే వీడేం చేసేది? ఆడదానివి, ఇట్టాంటివి మనసులో పెట్టుకుంటే కాపరాలు నిలవవు."

ఛీ, ఏం మనుషులు వీళ్లు! సువార్తమ్మ పొయ్యి దగ్గరికొచ్చి కూర్చుంది. ఏడుపు రాలేదు, ఒళ్లంతా మంట పుట్టింది. ఇంకో ఆడదాన్ని ఉంచుకున్నాడని తెలిసినా ఇంత మండేది కాదేమో. అట్లాంటిదైతే నెత్తీనోరూ బాదుకోవచ్చు, చర్చి అయ్యగారు వచ్చి గడ్డి పెడతారు, కాలనీ ఆడవాళ్లు ఆమె పక్షాన నిలబడతారు. దీనికి ఎవర్ని పిలవాలి? నా మొగుడు నిద్రపోయినాడని చెప్పుకుంటుందా? పేకాడుకున్నాడని పంచాయితీ పెడుతుందా? అందరూ నవ్వి పోతారు. అలిసిపోయినా మే, ఈ పండగ గోల నావల్ల కాదు అని ఒక్కసారి నోరు విప్పి చెప్పి ఉంటే, పోనీలే, పోయి పడుకో అని ఆమే అనేది. అలిసిపోవడం ఆమెకు తెలియదా? కానీ నిట్టూర్పు విడిచాడు. ఆమె జాలిపడేలా చేసుకున్నాడు. ఆ జాలిని పెట్టెలో పెట్టించుకుని పోయి, పేక ముక్కల మధ్య పంచుకు తిన్నాడు. అమ్మ చావుబతుకుల్లో ఉందని తెలిసి కూడా, వేసిన సెలవు కాదని ఎక్కాడు. ఆ బండి అల్లూరు రోడ్డులో ఆగే ఉంటుంది. దాటే పోయి ఉంటుంది.

ఆ సాయంత్రం సమాధానం అన్నం తింటుంటే నెమ్మదిగా అడిగింది. "ఈ ఏడు కూడా పడిందా?" ఒక్క అవకాశం ఇచ్చి చూద్దామనుకుంది, దేవుడి ఎదుట.

"పడకేం చేస్తాది?" అని అతను నిట్టూర్చాడు. "కజ్జికాయలు కాస్త ఎక్కువ పెట్టు మే. పండగ లేనోళ్లు ఉంటారు పాపం."

మర్నాడు నీళ్ల పంపు దగ్గర మస్తానయ్య కనిపిస్తే సువార్తమ్మ బిందె దించి అతని ముందుకు పోయింది. "అబ్బయా, ఈ ఏడు క్రిస్మస్ టర్ను నువ్వు తీసుకుంటావా?"

మస్తానయ్య మొహం వెలిగిపోయింది. "నేనెప్పుడూ రెడీనే వదినా! అన్న ఒప్పుకోవద్దూ?"

"ఆయనకు ఎవరిమీదా భారం వెయ్యకూడదని మొహమాటం. లోపల ఎంత ఆశో నాకు తెలుసు. నువ్వే పోయి ఫోర్‌మన్‌తో చెప్పి మార్పించు. ఆయనతో మాత్రం ముందు అనబాక."

పుట్టి బుద్ధెరిగి సువార్తమ్మ ఆడిన పెద్ద అబద్ధం అది. చిత్రమేమంటే, నోరు తడబడలేదు.

శనివారం సమాధానం షెడ్డు నుంచి ధుమధుమలాడుతూ వచ్చాడు. టోపీ విసిరికొట్టి, "ఎవుడో నా టర్ను మార్చినాడు మే! నాకు చెప్పకుండా!" అన్నాడు.

"అంటే పండక్కి ఇంట్లోనే ఉంటారా?" అని ఆమె కళ్లు పెద్దవి చేసింది. పిల్లలిద్దరూ "నాన్న ఉంటాడు, నాన్న ఉంటాడు" అని ఎగిరి అతని మెడకు చుట్టుకున్నారు. సమాధానం "ఆ... ఉంటాను గదా" అన్నాడు. సోమవారం పోయి ఆ టర్ను తిరిగి తెచ్చుకుందామనుకున్నాడు కాబోలు, కానీ మధ్యలో ఆదివారం వచ్చింది. మస్తానయ్య సంతోషం పట్టలేక బజారంతా చెప్పుకున్నాడు. అది చర్చిదాకా పాకింది. "ప్రతి పండక్కీ కన్నీళ్లతో ఇంజనెక్కే మన సమాధానాన్ని ప్రభువు ఈసారి మనకిచ్చాడు" అని అయ్యగారు గద్గదంగా చెబితే సభంతా ఆమెన్ అంది. వచ్చేవాళ్లకు బెంచీలు, పందిరి చూసుకునే పని కూడా అతనికే అప్పజెప్పారు. సమాధానం చేతులు జోడించి కూర్చున్నాడు. అంత భక్తిగా అతను తల వంచుకోవడం సువార్తమ్మ ఎప్పుడూ చూడలేదు.

పండగ ముందురోజు తెల్లారింది. పిల్లల బట్టలు మడతపెట్టి బల్లమీద ఉన్నాయి. సమాధానం లుంగీతో వాకిట్లో కూర్చుని, వేపచెట్టు కింద గుట్టపడిన మొద్దులవైపు దిగులుగా చూస్తున్నాడు. లోపలినుంచి సువార్తమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. చేతిలో అతని రేకు పెట్టె. మసి పోయేదాకా బూడిదతో తోమింది దాన్ని. అందులో ఒక చీర, తమ్ముడి పిల్లలకు కజ్జికాయలు, తల్లి సమాధి మీద వెలిగించడానికి కొవ్వొత్తులు.

"నా పెట్టె ఎక్కడికి మే?"

"ఈ పాసింజరుకు అల్లూరు పోతా ఉన్నా. మస్తానయ్యే ఇంజను మీద ఉండేది. అత్తకు కషాయం పొయ్యి మీద ఉండాది, పూటకు గ్లాసుడు. క్యారల్స్ వాళ్లు వస్తే కాఫీపొడి పైన డబ్బాలో. మాంసం కొట్టు దగ్గరికి ఎండెక్కక ముందే పోండి. కట్టెలు అవే." అంతా ఒక్క ఊపిరిలో చెప్పింది.

పెద్దపిల్ల పరుగెత్తుకొచ్చి చీర కొంగు పట్టుకుంది. "అమ్మా, నేనూ!" ఆ చెయ్యి విడిపించడమే కష్టమైంది. వంగి ముద్దు పెట్టుకుని, "పండక్కి నాన్న ఉండడని ఏడుస్తావు గదా తల్లీ. ఉండాడు చూడు. ఎల్లుండి వచ్చేస్తా" అంది.

సమాధానం లేచి నిలబడ్డాడు. లోపల పేరమ్మ దగ్గు హెచ్చింది. సమాధానం గొంతు పెంచాడు. "ఏందే ఇది? పండగపూట, ఇంటినిండా జనం వచ్చేవేళ, ముసిలిదాన్నీ పిల్లల్నీ నా మొహాన పారేసి పోతావా? రేపు అయ్యగారు అడిగితే ఏమని చెప్పమంటావు?"

సువార్తమ్మ గుమ్మంలో, ప్రతి ఏడూ అతను నిలబడేచోటే, నిలబడింది. పెట్టె చెయ్యి మార్చుకుంది. అచ్చం అతనిలాగే ఒక నిట్టూర్పు విడిచింది.

"డ్యూటీ పడిందని చెప్పండి. ఏం చేస్తాం."