కీరాలో కలిపిన ఆవపొడి

2013 ఆగస్టు 18, ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా యాభై రెండు నిమిషాలకు ఎడిసన్‌లోని ఒక తెలుగు చర్చి భోజనాల హాల్లో లిన్ యున్ అనే ముప్పై ఆరేళ్ళ మహిళ కుర్చీలోంచి కింద పడింది. అప్పటికి ఆమె అన్నంతో తిన్న వంటకం ఒక్కటే. ఆ వంటకాన్ని అక్కడివాళ్ళకు నేర్పింది ఆమే.

లిన్‌ది చైనాలోని చెంగ్దూ. ఆమెను చర్చికి పిలిచిన దెబోరాది నర్సాపురం. ఇద్దరూ ఒకే ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్లు. రెండేళ్ళుగా పక్కపక్క సీట్లు. మధ్యాహ్నం డబ్బాలు కలిసి విప్పేవారు. లిన్ డబ్బాలోని కీరా దెబోరా తినేది. దెబోరా డబ్బాలోది లిన్ ఎన్నడూ ముట్టలేదు. మొదటి వారంలోనే "నాకు పడదు" అని చెప్పింది. ఏది పడదో దెబోరా అడగలేదు. కారం అనుకుంది.

జులైలో ఒక శనివారం లిన్ దెబోరా ఇంటికి వచ్చి ఆ కీరా చేసి చూపించింది. కాయను చెక్క మీద పెట్టి, కత్తిని పక్కకు తిప్పి, అరచేత్తో ఒక్క దెబ్బ వేసింది. కాయ పగిలింది. పగిలిన కాయను ముక్కలు చేసి ఉప్పు చల్లింది. పదిహేను నిమిషాలాగి ఊరిన నీళ్ళు పారబోసింది. దంచిన వెల్లుల్లి, నల్ల వినెగర్, సోయ్ సాస్, చిటికెడు పంచదార, వేయించిన నువ్వుల నూనె కలిపింది. అంతే.

"తరగొచ్చుగా, కొట్టడం ఎందుకు?" అని దెబోరా అడిగింది. వాళ్ళిద్దరి మాటలూ ఇంగ్లీషులోనే.

"తరిగిన ముక్క జారిపోతుంది. పగిలిన ముక్క పులుసు పట్టుకుంటుంది" అంది లిన్. "ఇంకో సంగతి. తినబోయే ముందే కలుపు. ముందు కలిపితే చెరువే."

ఆగస్టు 18న చర్చిలో ప్రేమ విందు. ఆరాధన తరవాత అందరూ కలిసి తినే భోజనం అది. తలా ఒక వంట తెస్తారు. దెబోరా పన్నెండు కీరాలు చపాతీ కర్రతో పగలగొట్టి, ఉదయం ఎనిమిదింటికే అన్నీ కలిపేసింది. పదింటికి లిన్‌ను కారులో ఎక్కించుకుని వచ్చింది. ఆరాధన పదిన్నరకి మొదలైంది. పాస్టర్ ఏసుపాదం వాక్యం చెప్పి ముగించేసరికి ఒంటిగంటా పది.

చర్చి వంటగదిలో దెబోరా గిన్నె మూత తీసింది. ముక్కలు నీళ్ళలో తేలుతున్నాయి.

గట్టు మీద ఒక స్టీలు డబ్బా ఉంది. జయంతి ఆంటీ పులిహోరకు ఆవ పెట్టగా మిగిలిన పొడి. దెబోరా గిన్నెలోని నీళ్ళు సగం వంచేసి, రెండు చెంచాల ఆవపొడి వేసి కలిపింది. నర్సాపురంలో వాళ్ళమ్మ దోసావకాయలో నీరెక్కువైతే అలాగే చేసేది. పులుసు చిక్కబడింది. వంటగదిలో అప్పుడు ఇంకెవరూ లేరు. గిన్నెను హాల్లో టేబుల్ మీద పెట్టి వచ్చి, దెబోరా మజ్జిగ కలపడానికి వంటగదిలో ఉండిపోయింది.

టేబుల్ దగ్గర వడ్డించింది జయంతి. లిన్ ప్లేటు పట్టుకుని ప్రతి గిన్నె దగ్గరా ఆగింది. "ఇందులో మస్టర్డ్ ఉందా?" అని అడిగింది. పులిహోరలో ఆవ ఉందని జయంతి చెప్పింది. పప్పులో ఉంది. పెరుగు పచ్చడిలో ఉంది. బీన్స్ కూరలో ఉంది.

"మరి ఈ పిల్ల ఏం తింటుందే? వట్టన్నం పెట్టి పంపిస్తే మన పరువేం కాను!" అని జయంతి, వరసలో లిన్ వెనక ఉన్న ఫెబీతో అంది. ఫెబీ నవ్వింది.

చివరి గిన్నె కీరా. లిన్ అక్కడ అడగలేదు. "ఇది నాది. దీన్ని అడగక్కర్లేదు" అంది. తనే మూడు గరిటెలు వేసుకుంది. ఈ మాట జయంతి, ఫెబీ ఇద్దరూ విన్నారు.

దెబోరా మజ్జిగ జగ్గుతో వచ్చి లిన్ పక్కన నిలబడింది. లిన్ నాలుగైదు ముక్కలు తిని తల ఎత్తింది.

"ఏదో మార్చావు నువ్వు."

"సీక్రెట్" అంది దెబోరా.

"రెండో పాఠానికే గురువును మించిపోయావన్నమాట" అని లిన్ ఇంకో రెండు ముక్కలు తింది.

తరవాత నాలుక బయటపెట్టి వేళ్ళతో తడుముకుంది. గొంతు పట్టుకుంది. "బ్యాగ్" అంది. లేవబోయి పడింది.

ఫెబీ ఒక ఆస్పత్రిలో నర్సు. ప్లేటు పడేసి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. లిన్ పెదవులు అప్పటికే వాచాయి.

"911 చెయ్యండెవరైనా! ఎలర్జీ ఇది. ఏం పడదీమెకి?"

"ఆవాలే తల్లీ! గిన్నె గిన్నెకీ అడిగిందిగా" అంది జయంతి. "ఆవాలున్నదేదీ నేను పెట్టలేదు, దేవుడే సాక్షి. తిన్నది ఆ కీరా ఒక్కటే."

"దెబోరా, కీరాలో ఏం వేశావ్?"

"వెల్లుల్లి" అంది దెబోరా. "వినెగర్. సోయ్ సాస్."

"ఇంకా?"

"పంచదార."

జగ్గు ఆమె చేతిలోనే ఉంది. మజ్జిగ చీర మీదుగా నేల మీదికి కారుతోంది.

"బ్యాగ్ నా కార్‌లో ఉంది" అని పరిగెత్తింది.

రెండు నిమిషాల్లో తెచ్చింది. ఫెబీ బ్యాగు బోర్లించి, అందులోని ఎలర్జీ ఇంజెక్షన్ పెన్ను తీసి లిన్ తొడలో గుచ్చింది. అప్పుడు ఒంటిగంటా యాభై ఏడు. అంబులెన్స్ రెండు దాటి ఒక నిమిషానికి వచ్చింది. ఏం తిన్నదని దాంతో వచ్చిన మనిషి అడిగాడు. హాల్లో పాస్టర్ ప్రార్థన చేయిస్తున్నారు.

"ఆవపొడి" అంది దెబోరా. "రెండు చెంచాలు. కీరాలో. నేనే కలిపాను."

ఇంగ్లీషులో ఒకసారి చెప్పింది. అతను రాసుకుంటున్నాడు. ఆమె తెలుగులో మళ్ళీ చెప్పింది. పాస్టర్ ప్రార్థన మధ్యలో ఆగిపోయారు. జయంతి చేతిలోని గరిటె కింద పడింది. ఎవరూ తీయలేదు.

అంబులెన్స్‌లో రెండో డోసు ఇచ్చారు. ఆస్పత్రికి చేరేసరికి గాలి అందడం లేదు. రెండూ ఇరవై ఆరుకి గొంతులోకి ట్యూబ్ వేశారు. బతుకుతుందా అని దెబోరా మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ, చూడాలి అన్నారు.

వెయిటింగ్ రూములో జయంతి ఆమె పక్కన కూర్చుంది.

"ఆ డబ్బా అక్కడ వదిలేసింది నేనేనే అమ్మా."

"కలిపింది నేను ఆంటీ."

"నీకేం తెలుసు పాపం? చెప్పిందా నీకు?"

"చెప్పింది. పడదు అంది. రెండేళ్ళయింది. ఏది అని నేనే అడగలేదు."



శాంటా క్లారాలో ఉన్న లిన్ అక్కకు దెబోరాయే ఫోన్ చేసింది. ఏం తిన్నదని ఆమె అడిగింది. కీరా అని దెబోరా చెప్పింది. "కుదరదు. అది మా అమ్మ వంట. అందులో చెల్లికి పడనిది ఏదీ ఉండదు" అంది అక్క. దెబోరా ఆవపొడి సంగతి చెప్పింది.  రాత్రి ఫ్లైట్‌కి వస్తానని చెప్పి అక్క పెట్టేసింది.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి లిన్‌కు తెలివి వచ్చింది. ట్యూబ్ ఇంకా ఉంది. నర్సు ఆమెకు కాగితాల పుస్తకం, పెన్ను ఇచ్చి, దెబోరాను ఐదు నిమిషాలకు లోపలికి పంపింది.

లిన్ రాసింది: "ఏ వంటలో?"

"కీరాలో" అంది దెబోరా.

లిన్ తల అడ్డంగా ఊపింది. "నేను కీరా ఒక్కటే తిన్నాను" అని రాసింది.

"నీళ్ళూరాయి. ఆవపొడి కలిపాను. సీక్రెట్ అన్నది అదే."

లిన్ ఆమె ముఖంలోకి చూసింది. పెన్ను కాగితం మీద పెట్టింది. మళ్ళీ తీసేసింది. పుస్తకాన్ని దుప్పటి మీద బోర్లించింది.

ఐదు నిమిషాలూ అయ్యాయని నర్సు వచ్చి చెప్పింది. దెబోరా బయటికి వచ్చింది. పది దాటాక లిన్ అక్క వచ్చి, దెబోరా ముందు నుంచే లోపలికి వెళ్ళింది.

పదకొండూ ఇరవైకి ట్యూబ్ తీశారు. లిన్ తనంతట తాను ఊపిరి తీసుకుంది.