నీడకి ఏ రంగు?

నాకు ముక్కు మీద కోపమని మా ఆయన అంటూ ఉంటాడు. కోపం కాదు, శుభ్రం. మాది ఫోటోలు ప్రింటు చేసే కొట్టు. ఈ మధ్య పిల్లలున్న ఇళ్ళల్లో కొత్త మోజొకటి మొదలైంది. ఇంట్లోవాళ్ళ ఫోటో ఇస్తే దాన్ని ఉత్త గీతలుగా మార్చి, పిల్లలు రంగులు వేసుకునే బొమ్మగా కాగితం మీద అచ్చు వేసివ్వాలి. కంప్యూటర్‌లో పడేస్తే గీతలు అదే తీసిపెడుతుంది కానీ, దానికి మనిషేదో మరకేదో తెలియదు. నాలుగు రోజుల గడ్డం ఉంటే మొహాన్ని ముళ్ళకంప చేస్తుంది. గోడ మీద చెమ్మని కూడా వదలదు. అక్కర్లేని గీతలు చెరిపి, తెగిన గీతలు కలిపి, మనిషిని మనిషిలా నిలబెట్టేది నేను. నా కాగితంలో ఒక్క పిచ్చిగీత కనబడదు. ఈ మాట నేనే చెప్పుకోవాలి, మా ఆయన చచ్చినా చెప్పడు.

ఒకరోజు పొద్దున్నే లిఫ్టులు బాగుచేసే అతను వచ్చాడు. ఎదురు భవనంలో లిఫ్టు మొరాయించినప్పుడల్లా అతన్ని చూస్తూనే ఉంటాను. చేతులకి గ్రీజు ఉండటంతో ఫోన్ బల్ల మీద పెట్టి, చిటికెనవేలితో ఒక్కో ఫోటో జరుపుతూ చూపించాడు.

"మా పాపకి రంగులేసుకోడానికి కావాలక్కా. అందరూ ఉండాలంట. మరీ మరీ చెప్పి పంపింది."

పార్కులో బెంచీ మీద అతనూ పాపా. మెట్ల మీద పాపా వాళ్ళ నాయనమ్మా. మేడ మీద అతని భుజాలెక్కి పాప. ఎంత వెతికినా తల్లి లేదు. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను, అడిగేశాను.

"అమ్మ ఫోటో ఒక్కటీ లేదేం బాబూ?"

"పోయిందక్కా, పోయిన వానాకాలం. జ్వరమొచ్చి." అతను ఫోన్ మీంచి చూపు తిప్పలేదు. "ఇవన్నీ తనే తీసింది. తనని మాత్రం తియ్యనిచ్చేది కాదు. పెళ్ళి ఫోటో ఉంది గానీ, అది చూపిస్తే పాప 'ఈ అక్కెవరు?' అంటోంది. ఆధార్ కార్డు మీద ఫోటో చూసి దడుచుకుంది. వాళ్ళమ్మ ఎలా ఉండేదో మర్చిపోతోందేమోనని నా భయం. ఇప్పుడు పట్టుకోకపోతే మళ్ళీ దొరకదు కదా."

"మరి ఈ ఫోటోలే ఎందుకు?"

"ఏమో. వీటిల్లో అమ్మ ఉందంటుంది. తీసింది అమ్మ కాబట్టి అంటోందనుకుంటా."

నేనూ అలాగే అనుకున్నాను. పాపం పసిపిల్ల, ఏదో ఒకటి పట్టుకుని వేలాడాలి కదా అనుకుని, మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆ ఫోటోలు ముందేసుకున్నాను. నాయనమ్మ మొహంలో ముడతలు ఎన్ని ఉంచాలో, ఎన్ని తీసేస్తే ఆవిడ ఆవిడ కాకుండా పోతుందో చూసుకుని చూసుకుని గీశాను. పాప జుట్టులో ఎగిరిన వెంట్రుకలు కూడా వదల్లేదు. అన్ని ఫోటోల్లోనూ ఒకటే తలనొప్పి. ఆ ఇల్లాలికి ఎండని వీపు మీద పెట్టుకుని ఫోటో తీసే అలవాటు. అలా తీస్తే తీసేవాళ్ళ నీడ ముందుకి పడుతుంది. కంప్యూటర్ దాన్ని నల్లటి ముద్ద చేసి పాప పాదాల మీద పడేసింది. నాకు నీడంటే మొదట్నుంచీ గిట్టదు, చెరపడం మొదలెడితే ముందు చెరిపేది దాన్నే. శుభ్రంగా చెరిపి, ఆ చోట పాప చెప్పులకి చక్కటి పట్టీలు గీశాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

మర్నాడు సాయంత్రం అతను పాపని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆరేళ్ళుంటాయి. బల్ల అందక మునివేళ్ళ మీద నిలబడితే మా ఆయన స్టూలు వేశాడు. కాగితాలన్నీ ఒకసారి తిప్పింది. మళ్ళీ మొదట్నుంచీ తిప్పింది.

"అమ్మేది?" అంది.

"మీ అమ్మ ఫోటో తీసింది కదా తల్లీ," అన్నాను, ఎంత మెత్తగా అనగలనో అంత మెత్తగా. "తీసేవాళ్ళు ఫోటోలో ఎలా ఉంటారు?"

ఆ పిల్ల నన్నో మొద్దుని చూసినట్టు చూసింది. తండ్రి జేబులోంచి ఫోన్ లాక్కుని, మెట్ల మీద ఫోటో తెరిచి, అందులో తన పాదాల దగ్గర వేలు పెట్టింది.

"ఇదిగో."

పాదాలున్న మెట్టు మీద తల నీడ. ముడి వేసుకున్న జుట్టు. ఫోన్ పట్టుకుని ఎత్తిన చేతులు, కప్పు పిడుల్లా రెండువైపులా మోచేతులు. గాలికి పక్కకి తేలిన బట్ట అంచు. ఒక మనిషి నిండుగా నిలబడి ఉంది. తీసింది ఆమేనని అతను చెప్పాడు, నేను విన్నాను. విని కూడా చెయ్యి తన అలవాటు కొద్దీ తుడిచిపారేసింది.

"ఎన్నిసార్లు చూశానక్కా ఈ ఫోటో," అన్నాడు అతను. "చూసినప్పుడల్లా పాపనీ మా అమ్మనే చూసుకున్నా."

పాప నా కాగితంలో తెల్లగా ఉన్న మెట్టుని తడిమింది. "అమ్మని చెరిపేశావా ఆంటీ?"

సిగ్గుతో చచ్చిపోయాను. "ఉండు. మీ అమ్మని ఇప్పుడే తెస్తా," అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆ పిల్లకి చెప్పకూడని మాట అది. కానీ పాప నమ్మేసింది, స్టూలు దిగి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

మెట్ల ఫోటో మళ్ళీ తెరిచి నీడ అంచు వెంబడి గీయడం మొదలుపెట్టాను. మెట్టు మెట్టుకీ విరిగే నీడని విరిగినట్టే గీశాను. పాప పాదాల మీద పడిన చోట పాదాల గీతా పోకూడదు, నీడ గీతా తెగకూడదు. మా ఆయన వెనకనుంచి తొంగిచూసి, "లోపల నలుపు నింపెయ్, నీడని తెలిసిపోతుంది," అన్నాడు.

"నింపొద్దు," అంది పాప.

తల దగ్గర, ముడి మీంచి ఏదో బుడిపెలా పొడుచుకొచ్చి ఉంది. వెనక ఉన్న రెయిలింగ్ తాలూకు పిచ్చిగీత అనుకుని చెరపబోయాను. పాప నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అది క్లిప్పు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బుద్ధొచ్చింది కాబట్టి, పాప ఊఁ అన్నాకే ఇక ఏ గీతనైనా ముట్టుకున్నాను. కాగితం ప్రింటర్‌లోంచి వెచ్చగా బయటికొచ్చింది. నింపని నీడ. గీతల్లో చూస్తే నాయనమ్మ ఎలా ఉందో పాప వాళ్ళమ్మ కూడా అలాగే ఉంది. ఇద్దరూ తెల్లగా, ఇద్దరూ రంగు కోసం ఎదురుచూస్తూ.

కొట్లో ఉండే రంగు పెన్సిళ్ళ డబ్బా పాప ముందు పెట్టాను. తన బొమ్మనీ నాయనమ్మనీ ముట్టుకోలేదు. ఆకుపచ్చ తీసుకుని తిన్నగా నీడలోకి దిగింది. ఒళ్ళంతా ఆకుపచ్చ, దాని మీద చిన్న చిన్న పసుప్పచ్చ సున్నాలు. నడుము పక్కన జేబు గీసింది, నీడకి జేబెక్కడిది. మొహానికి గోధుమరంగు వేసి కళ్ళు పెట్టింది, నవ్వు పెట్టింది, నవ్వులో పన్ను మీద పన్ను పెట్టింది. చివరికి ఆ బుడిపెకి ఎర్రరంగు గట్టిగా అద్దింది.

అతను వంగి చూశాడు. చూసి బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆ నైటీ ఆకుపచ్చదే. అవునక్కా, పసుప్పచ్చ సున్నాలు," అన్నాడు. "బట్టలారేస్తూ, చేతికి దొరికిన బట్టల క్లిప్పు జుట్టుకి పెట్టేసుకునేది. క్లిప్పులన్నీ ఏమైపోతున్నాయని నేనే గోల చేసేవాణ్ణి." చిటికెనవేలితో ఆ ఎర్ర బుడిపెని తాకాడు. "ఒక్కటీ గుర్తు రాలేదక్కా నాకు. ఇన్నాళ్ళూ తను అనుకుంటే పెళ్ళి ఫోటోలో మొహమే వచ్చేది."

పాప మర్చిపోతుందని భయపడుతూ వచ్చిన మనిషి ఇతను. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. మా ఆయన అవతలికి తిరిగి కాగితాలు సర్దుతున్నట్టు నటించాడు.

"ఇంకో కాగితం తియ్యండక్కా," అన్నాడు అతను. "నాకు."

తీసిచ్చాను. గ్రీజు అంటకుండా చేతులు ప్యాంటుకి తుడుచుకుని కూతురి పక్కన కూర్చున్నాడు. ఆకుపచ్చ పెన్సిల్ తీశాడు. ఆ పెద్ద వేళ్ళ మధ్య అది అగ్గిపుల్లలా ఉంది. నీడ ముందు పెన్సిల్ గాల్లోనే ఆగిపోయింది, చూపు పాప కాగితం మీదికి జారింది. పాప చటుక్కున తన బొమ్మ మీద అరచెయ్యి కప్పేసింది.

"చూసి వెయ్యకూడదు," అంది. తండ్రి మొహంలోకి చూసి, "మర్చిపోయావా నాన్నా?" అని అడిగింది.

"మర్చిపోతున్నానమ్మా," అన్నాడు అతను. "నువ్వు చెప్పు."

పాప చెయ్యి తీసేసి, తన కాగితాన్ని అతని వైపు జరిపింది.