కాలువ అడుగున నేల

కాలువ గట్టు మీద బైకులాపి ఫొటోలు తీసుకునేవాళ్ళందరిదీ ఒకటే మాట. "ఎంత హాయండీ మీకు! చల్లగాలి, అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు." ఆ మాట వింటే చాలు, దివ్యకు ఒళ్ళు మండుతుంది. చూసిపోయేవాళ్ళదేం పోయింది, దూరపు కొండలు నునుపు. చుట్టూ నీళ్ళే గానీ తాగడానికి చుక్క పనికిరాదు, టిన్ను నీళ్ళు గట్టు మీంచి మోసుకురావాల్సిందే. పొద్దున్నే పొయ్యి ముట్టించక ముందే పడవ అడుగున ఊరిన నీళ్ళు తోడిపోయాలి. ఆడది చెంబు పట్టుకుని గట్టెక్కాలంటే ఊరు లేవకముందే వెళ్ళిరావాలి. వానాకాలంలో పాములు కూడా కాపురానికొస్తాయి. కూతురికి ఈత వచ్చేదాకా నడుముకి తాడు కట్టి పెంచింది, బడి ఈడు రాగానే ఏలూరు హాస్టల్లో వేసింది, సెలవులకి కూడా పుట్టింటికే పంపుతుంది. ఇంటి నంబరు అడిగిన ప్రతి ఆఫీసులోనూ తెల్లమొహం వేసుకుని నిలబడింది. ఇదీ ఆ హాయి.

దివ్య పుట్టింది తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్లో మూటలు మోసేవాళ్ళింట్లో. సత్తిబాబుని చేసుకుని, ఉండి ఊరి కాలువ మీద ఈ పడవెక్కేనాటికి ఆమెకు ఈత కూడా రాదు. తెడ్డు పట్టడం, పలకల సందుల్లో దూది కూరి తారు పూయడం, గాలిని బట్టి పొయ్యి తిప్పుకోవడం, అన్నీ అత్త పెద్దింటమ్మే నేర్పింది. విసుక్కోకుండా నేర్పింది. అందరత్తల్లాంటి అత్త కాదావిడ.

అలాంటి మనిషికి చలికాలం పోతూనే కాళ్ళు పొంగాయి. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఏలూరు తీసుకెళ్తే డాక్టర్లు చూసి, గుండె నీరసించిపోయింది, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి అన్నారు. తిరిగొచ్చిన సాయంత్రం పెద్దింటమ్మ కొడుకుని దగ్గరికి పిలిచింది.

"ఒరేయ్ సత్తీ, నాకేం అక్కర్లేదురా. ప్రాణం పోయే ముందు నన్ను నేల మీద దించండి. మీ నాన్నకి చేసినట్టు చెయ్యకండి."

మిద్దెలున్నవాళ్ళయినా, పూరిళ్ళవాళ్ళయినా, పోయే ప్రాణాన్ని మంచం మీంచి కిందికి దించుతారు. మట్టి తగిలితే గానీ ఆ ప్రాణానికి దారి దొరకదని పెద్దల మాట. సత్తిబాబు తండ్రి తుఫాను రోజుల్లో కొల్లేటి నడిమధ్య, పడవ చెక్కల మీదే కన్నుమూశాడు. కనుచూపు మేర దించడానికి జానెడు నేల లేదు. ఆయన ఇంకా పడవలోనే తిరుగుతున్నాడని పెద్దింటమ్మ నమ్మకం. అమావాస్య వస్తే వెనక చివర ఓ ముద్ద పెట్టి, "తినవయ్యా, ఆకలితో తిరక్కు" అనేది. ఆ తిరుగుడు తనకు రాకూడదన్నదే ఆవిడ భయం.

నేలకేం కరువని అనుకుంటాం. పడవలో ఉన్నవాడు అడిగి చూస్తే తెలుస్తుంది. రికార్డుల్లో గట్టు గవర్నమెంటుది, వాడకంలో పక్కనున్న చేపల చెరువు ఎవరిదైతే వాళ్ళది. సత్తిబాబు మేత బస్తాలు దించే చెరువు ఆసామి ప్రసాదరావు మంచిమనిషే. పండక్కి బట్టలు పెడతాడు. కానీ తల్లిని గట్టు మీద దించే మాట ఎత్తేసరికి చెప్పుతో నేల గీకుతూ నిలబడ్డాడు.

"ఏమనుకోకు సత్తిబాబూ, కొత్తగా చేపపిల్ల వదిలాం. గట్టు మీద చావంటే మా ఇంట్లో ఒప్పుకోరు. ఇంకేదన్నా అడుగు, కాదంటే అప్పుడు చెప్పు."

"అలాగేనండి" అని వచ్చేశాడు సత్తిబాబు. ఇంకో ఇద్దరినీ అడిగాడు. వాళ్ళూ అంతే మెత్తగా కాదన్నారు.

ఆ వారంలోనే లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు పేతురు సైకిలాపి కేకేశాడు. "ఒరేయ్ సత్తిబాబూ, కాలువ కట్టేస్తున్నారు. నీళ్ళుండగానే దిగువకి పోండి."

ఏటా ఎండాకాలం మరమ్మతులకని కాలువ కట్టేస్తారు. నీరు తీసేలోపే పడవను దిగువకు జార్చుకుని, ఉప్పుటేరు పట్టుకుని కొల్లేట్లోకి చేరాలి. ఆగిపోతే పడవ బురదలో కూర్చుంటుంది, ఎండకు పలకలు విచ్చుకుంటాయి. అలా విచ్చుకున్న పడవ మళ్ళీ తేలిన దాఖలా లేదు. దివ్య గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. సత్తిబాబు మాత్రం కట్టుకొయ్య వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఈసారి కదలొద్దు" అన్నాడు. "నీళ్ళు తీసేస్తే కాలువ అడుగు నేలేగా. ఆ నేల ఏ ఆసామిదీ కాదు. అమ్మని అక్కడ దించుదాం."

దివ్య చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "మతుండే మాట్లాడుతున్నారా? మనకున్న ఇల్లు ఇదొక్కటే. ఇది పగిలిపోతే ఎక్కడుంటాం? పోయేవాళ్ళ కోసం బతికున్నవాళ్ళని రోడ్డున పడేస్తారా?"

అన్నాక గానీ గుర్తు రాలేదు. పడవలో గోడలుండవు. రెండు బారల దూరంలో టార్పాలిన్ కింద పడుకున్న పెద్దింటమ్మ అన్నీ విన్నది. వినీ విననట్టు అటు తిరిగి పడుకుంది. ఆ వీపు చూడగానే దివ్యకు తన నోరు తనకే చేదయింది. చాలాసేపటికి లేచి, సర్దిన గిన్నెలు మళ్ళీ యథాస్థానంలో పెట్టింది. అంతకుమించి ఒప్పుకోలు ఆమెకు చేతకాలేదు.

నీరు రోజురోజుకీ దిగింది. ముందు గట్టు అంచున నాచు బయటపడింది, తర్వాత సీసాలు, చిరిగిన వలలు, ఎవరో పారేసిన దేవుడి పటాలు. కంపు భరించలేకపోయారు. మడుగుల్లో కొట్టుకుంటున్న చేపల్ని ఊళ్ళోవాళ్ళు దిగి పట్టుకుపోయారు. ఒక మధ్యాహ్నం పడవ చిన్నగా మూలిగి, ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. బురద గట్టిపడి ఇసుక తేలాక, పడవ నీడలో చాప పరిచి పెద్దింటమ్మను దించారు. ఆవిడ చాప అవతలికి చెయ్యి చాపి ఇసుక పట్టుకుంది. వదిలిపెట్టి, మళ్ళీ పట్టుకుంది.

"అమ్మయ్య" అంది. అనేసి హాయిగా నిద్రపోయింది.

కొడుకూ కోడలూ చెరోపక్క కూర్చున్నారు. తెల్లారింది. పెద్దింటమ్మ కళ్ళు తెరిచి, కాస్త గంజి ఉంటే పొయ్యమంది.

మనం ఒకటి తలిస్తే దైవం ఇంకొకటి తలుస్తుందంటారు. కదలకుండా పడుకోవడం వల్లనో, భయం తీరడం వల్లనో, ఆవిడ కాస్త తేరుకుంది. గంజి తాగింది, మజ్జిగన్నం తింది, గట్టు మీద పోయేవాళ్ళని పేరుపేరునా పలకరించింది. వాళ్ళు వంగి చూసి, "ఇంకా ఉన్నారాండీ?" అని మర్యాదగానే అడిగి పోయేవాళ్ళు. ఇక్కడ పడవ మాత్రం రోజుకింత చస్తోంది. దివ్య మడుగులో తడిపిన గోనెలు పలకల మీద కప్పేది, వడగాలికి అవి క్షణాల్లో ఎండిపోయేవి. సందుల్లోంచి ముందు ఎండ కనబడింది, తర్వాత అవతలి గట్టు కనబడింది. సత్తిబాబు దూది కూరి తారు పూశాడు గానీ, అడుగు పలక నిలువునా చీలాక చేసేదేముంది? గోనెలు తడుపుతూ తడుపుతూ ఒకసారి దివ్య మనసులో 'ఇంకెన్నాళ్ళు' అన్న మాట మెదిలింది. వెంటనే చెంపలేసుకుంది. చెంపలేసుకున్నంత మాత్రాన పోయే మాట కాదది.

"నేను పోవట్లేదేంటే అమ్మాయ్" అంది పెద్దింటమ్మ ఒకరోజు, తప్పు చేసినదానిలా. "నీ పడవ పాడైపోతోంది."

దివ్య ఆ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చేసింది. "పడవ పోతే పోనీ అత్తా. మీరుండండి." ఈసారి ఆ మాట మనసులోంచే వచ్చింది.

నైరుతి మబ్బు పట్టిన రోజున పేతురు సైకిలేసుకుని వచ్చాడు. ఎప్పటిలా కేకెయ్యలేదు, దిగి దగ్గరికొచ్చి చెప్పాడు. "పైన నీళ్ళు వదిలేశార్రా. పొద్దుగూకేసరికి ఇక్కడుంటాయి. ముసలమ్మని తియ్యండి."

అప్పటికే పెద్దింటమ్మకు రెండు రోజులుగా తిండి లేదు, ఊపిరి గొంతులో ఆడుతోంది. ముగ్గురూ కలిసి చాపతో సహా ఎత్తి గట్టు మీదికి చేర్చారు. గిన్నెలు, పొయ్యి, వలలు పక్కన కుప్ప పోశారు. దివ్య చాప తీసిపారేసి, అత్తను మట్టి మీద పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరు చెప్పారో గానీ ప్రసాదరావు బండి వచ్చి ఆగింది.

"అమ్మాయ్, మీ ఆయనకి ముందే చెప్పానుగా. ఇక్కణ్ణుంచి తీసెయ్యండమ్మా" అన్నాడు.

సత్తిబాబు లేవబోయాడు. దివ్య కూర్చున్నచోటి నుంచే తల ఎత్తింది.

"ఎక్కడికి తియ్యమంటారండీ? ఆ చోటేదో మీరే చూపించండి. అక్కడికే తీస్తాం."

ప్రసాదరావు అటూ ఇటూ చూశాడు. ఒక పక్క ఆయన చెరువు, ఇంకో పక్క కాలువ. కాలువలో ఎర్రనీళ్ళు నురగతో వచ్చేస్తున్నాయి. వచ్చి పడవను ముట్టుకున్నాయి. పడవ లేవలేదు. చీలికల్లోంచి నీళ్ళు లోపలికి దూరి, అంచుల దాకా నిండి, పైనించి పారాయి. సత్తిబాబు మొహం తిప్పేసుకున్నాడు.

ఆ నీళ్ళ చప్పుడు పెద్దింటమ్మ చెవిన పడింది. ఎదురుగా నిలబడ్డ ఆసామి చెప్పులు చూసి లేవబోయింది. రెండు చేతులూ దగ్గరికి తెచ్చి దణ్ణం పెట్టబోయింది.

"వెళ్ళిపోతామండీ... నీళ్ళొచ్చేశాయిగా... మా పడవుందండీ..." అంది. బతికినన్నాళ్ళూ ప్రతి గట్టు మీదా ప్రతి ఆసామికీ చెప్పిన మాటే. "అమ్మాయ్, పడవ తేలిందా?"

దివ్య కాలువ కనబడకుండా ఆ తలను చెరువు వైపు తిప్పి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"తేలిందత్తా."

"అయితే పదండి, ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదు" అంది పెద్దింటమ్మ. అదే ఆఖరి మాట.

ప్రసాదరావు చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. తీసెయ్యమని మళ్ళీ అనలేదు.